రబ్బీగారి వీలునామా పూజలో కూర్చుంది

2010 దసరా శుక్రవారం. ఆఫీస్ నుంచి కాపెల్ ఊళ్ళోని ఇంటికొచ్చిన రఘువీర్ డైనింగ్ టేబుల్ వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కెమెరా ఉంది. స్టాండ్ ఉంది. పుస్తకం లేదు.

అది మామూలు పుస్తకం కాదు. పక్కింటి ఐరా సిల్వర్‌మన్‌ది. ఐరా రిటైరైన పళ్ళ డాక్టర్. ఆయన పూర్వీకుడైన ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, పోయేముందు కొడుక్కి ఆస్తులకు బదులు బుద్ధులు పంచుతూ రాసిన వీలునామా అది. అచ్చు యంత్రం కొత్తగా వచ్చిన రోజుల్లో ఇటలీలో హీబ్రూలో అచ్చయింది. ఆ ఇంట్లో ఏ పిల్లాడికి పదమూడేళ్ళు నిండినా వాళ్ళ గుడి సినగాగ్‌లో ఆ పుస్తకమే తెరిచి చదవాలి. ఇన్ని తరాల్లో ఒక్కసారీ తప్పలేదు.

రేపు ఐరా మనవడి వంతు.

పేజీలన్నీ ఫొటోలు తీసిపెడతానని రఘువీరే అడిగి తెచ్చుకున్నాడు. ఇవాళ పొద్దుగూకేలోగా ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత వాళ్ళ విశ్రాంతి దినం సబ్బాతు మొదలై, శనివారం సాయంత్రం దాకా ఉంటుంది. ఐరా కారెక్కడు, వీధిలో చేత్తో ఏదీ మొయ్యడు.

"పద్మా! పుస్తకమేది?"

"నాన్న తీశారు," అంది పద్మ వంటింట్లోంచి. బయటికి మాత్రం రాలేదు.

కోట్లు తగిలించే అలమరనే వాళ్ళు దేవుడి గదిగా మార్చుకున్నారు. అందులో పీట మీద పిల్లల లెక్కల పుస్తకాలు, పద్మ జావా పుస్తకం, అన్నిటిపైన తెల్లగుడ్డ చుట్టిన రబ్బీగారి వీలునామా. గుడ్డ మీద రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఎదురుగా బాసింపట్టు వేసుకుని మామగారు హనుమయ్య.

"మామయ్యగారూ, అది మనది కాదు!"

"సరస్వతికి మనదీ పరాయిదీ ఉంటాయా అల్లుడుగారూ? తెనాల్లో నలభై ఏళ్ళు ప్రెస్ నడిపాను, ఇంత ముచ్చటైన అచ్చు చూళ్ళేదు. మీరేమో కాఫీ కప్పు పక్కన పడేశారు. పూజలో పెట్టాను."

"ఇప్పుడు తియ్యాలి."

"ఆదివారం దశమి. ఉద్వాసన చెప్పాక తీస్తాను. అందాకా పూజలో పెట్టిన పుస్తకం ముట్టకూడదు, చదవకూడదు. దేశం మారితే పద్ధతి మారుతుందా?"

డోర్‌బెల్ మోగింది. సూటూ టైతో ఐరా. పుస్తకం కోసమే వచ్చాడు. రఘువీర్ మూడు అబద్ధాలు ఆలోచించి, ఏదీ నిలబడేలా లేక నిజం చెప్పేశాడు.

ఐరా కోప్పడలేదు. అంతకంటే ప్రమాదకరమైన పని చేశాడు. కుతూహలం చూపించాడు. అలమర ముందు కార్పెట్ మీద చతికిలబడి, "ఎవరు ముట్టకూడదు? ఎందుకని?" అని మొదలుపెట్టాడు.

రఘువీర్ అటు తెలుగూ ఇటు ఇంగ్లిషూ మోస్తూ కిటికీలోంచి చూశాడు. సూర్యుడు ఎదురింటి గరాజ్ మీదికి జారాడు.

"పుస్తకానికి కాలు తగిలితే ఏం చేస్తారు?" అన్నాడు ఐరా.

"కళ్ళకద్దుకుంటాం."

"మా చేతిలోంచి కింద పడితే మేం ముద్దు పెట్టుకుంటాం."

"అలా చెప్పండి!" హనుమయ్య తొడ చరిచాడు. "అల్లుడుగారూ, ఈయనకి కాఫీ."

"కాఫీకి టైం లేదు మామయ్యగారూ! సూర్యుడు దిగిపోతున్నాడు!"

"మీకెప్పుడూ కంగారే. ఇది అచ్చేసిందెవరో అడగండి."

ఐరా నవ్వాడు. "ఆ గొడవ అచ్చేసినాయనే చివరి పేజీలో రాసుకున్నాడు. శనివారం మేం పని చెయ్యకూడదు. ప్రెస్ ఆగకుండా ఆ రోజు క్రైస్తవ పనివాళ్ళు అక్షరాలు కూర్చేవారు. వాళ్ళకి హీబ్రూ రాదు. తప్పులుంటే మన్నించండి అని వేడుకున్నాడు."

హనుమయ్య కళ్ళు మూసుకున్నాడు. సూర్యుడు గరాజ్ వెనక్కి సగం దిగాడు.

"అంటే, మీరు ముట్టకూడని రోజున ఆ పట్టింపు లేనివాళ్ళు పని నడిపారు."

"అవును."

"మరింకేం! పూజలో పెట్టింది మేము, ముట్టకూడనిదీ మేము. ఆయన పెట్టలేదుగా? తీసుకోమనండి, శుభ్రంగా చదువుకోమనండి."

"ఈ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా!"

"మీరు నన్ను తియ్యమన్నారు. ఆయన తీసుకోవచ్చా అని అడిగారా?"

ఐరా రెండు చేతులా పుస్తకం అందుకుని ముద్దు పెట్టుకున్నాడు. మూతికి కుంకుమ అంటింది. తుడుచుకునే వ్యవధి లేదు. సినగాగ్ నడిచే దూరమే అయినా రఘువీర్ కారు తీశాడు, ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ వెళ్ళనంత వేగంతో వెళ్ళాడు. ఐరా పుస్తకం లోపలుంచి మెట్లు దిగేసరికి సూర్యుడి అంచు ఇంకా సన్నగా మెరుస్తోంది.

మర్నాడు అందరికీ పిలుపు. మనవడు చదువుతుంటే, వీళ్ళ పక్కన కూర్చున్న ఐరా చెల్లెలు అర్థం చెప్పింది. రఘువీర్ దాన్ని మామగారి చెవిలో తెలుగు చేశాడు.

"కొడుకా, పుస్తకాలు దాచుకోకు. పొరుగువాడు అడిగితే కాదనకు. కాకపోతే ఇచ్చేముందు, ఎప్పుడు తిరిగిస్తాడో, వాళ్ళింట్లో ఇంకా ఎవరెవరున్నారో కనుక్కో."

ముందు వరసలోని సిల్వర్‌మన్ కుటుంబం మొత్తం వెనక్కి తిరిగి రఘువీర్‌ని చూసింది.

హనుమయ్య మెచ్చుకోలుగా తలూపాడు. "అనుభవం మీద రాశాడండీ మహానుభావుడు. ఆయనకీ అల్లుడుండే ఉంటాడు."