వెల్వెట్ అంచు కాలేజీ

మా పెద్దనాన్న కాలేజీలను గౌన్లను బట్టి అంచనా కడతాడు. పట్టా పుచ్చుకునే రోజు పిల్లలు తొడుక్కునే నల్ల గౌన్లు, ఊళ్లో సగం కాలేజీలకు మా టైలరు కొట్టులోనే కుడతారు. లోపల అస్తరు వేయించే కాలేజీ మంచిది, వేయించనిది నాసిరకం. అంచుకు వెల్వెట్ కూడా పెట్టించిందా, ఇక అందులో చదివినవాళ్లకు తిరుగులేదు. అక్కడ పాఠాలు చెబుతారో లేదో ఆయనకు అనవసరం. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు కాబట్టి, ఆయన మాట కొట్టేసే దిక్కూ లేదు.

నేను చేరినప్పుడు మా కాలేజీకి గౌన్లే లేవు. టైర్ల గోడౌను మీద రెండంతస్తులు, అంతే. "గౌను కూడా లేని కాలేజీ! వీళ్లు పట్టా ఇస్తారా, పొట్లం కట్టిస్తారా?" అని పెద్దనాన్న కొట్టుకొచ్చిన వాళ్లందరి ముందూ నవ్వాడు. ఎవరైనా నా చదువు గురించి అడిగితే, "ఏదో మిషన్ల పని నేర్చుకుంటోంది లెండి" అని మాట మార్చేసేవాడు.

ఆ గోడౌను మీద మాకొక మాస్టారు ఉండేవారు. ఆయన చేతులకు ఎప్పుడూ గ్రీజే. గ్రీజు మాస్టారు అనే పిలిచేవాళ్లం. పాడైన మోటారు ముందు పడేసి, "విప్పు" అనేవారు. మళ్లీ బిగించి తిప్పి చూపించేదాకా ఇంటికి పోనిచ్చేవారు కాదు. ఈరోజు ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేస్తూ, నాలుగు వేళ్లు నోట్లోకి పోతున్నాయంటే ఆ గ్రీజు చలవే.

తర్వాత మా కాలేజీకి యోగం పట్టింది. టైర్లు పోయి అద్దాల మేడ లేచింది. బస్సుల వెనక నవ్వు మొహాలతో కాలేజీ ప్రకటనలు వెలిశాయి. గౌను వచ్చింది, అస్తరు వచ్చింది, ఈ ఏడు వెల్వెట్ వచ్చింది. వెల్వెట్ ఆర్డరు అందిన రోజే పెద్దనాన్న మా చెల్లి చదువు తేల్చేశాడు.

"చిన్నదాన్ని వాళ్లక్క చదివిన కాలేజీలోనే వేస్తున్నాం. ఎంత పేరున్న కాలేజీ అనుకున్నారు! మా పెద్దది ఆ రోజుల్లోనే చదివిందందులో!" అని కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా గొప్పలు చెప్పగలడాయన.

చెల్లి మనసు వేరేచోట ఉంది. ఊరి చివర ఒక చిన్న కాలేజీ పెట్టారు. గ్రీజు మాస్టారు ఇప్పుడక్కడే పనిచేస్తున్నారు. అది వెళ్లి చూసొచ్చింది.

"నా ముందొక పంపు పెట్టి టీకి పోయారక్కా. నేను ఫ్యూజు మాడ్చేశా. వచ్చి చూసి నవ్వారు. రేపు మళ్లీ రా, ఇంకోటి మాడుద్దువుగాని అన్నారు." దాని మొహం వెలిగిపోతోంది.

సోమవారంలోగా ఎక్కడో ఒకచోట చేరాలి. ఇంటిపెద్దగా సంతకం పెట్టాల్సింది పెద్దనాన్న. ఆయనేమో అప్పటికే దాని కొలతలకు వెల్వెట్ అంచు గౌను కుట్టేసి, కొట్టు ముందరి అద్దాల అరలో తగిలించాడు. చేరకముందే పట్టా గౌను! ఇలాంటి చోద్యం మా ఇంట్లోనే చూడాలి.

"నువ్వైనా చెప్పు నాన్నా" అన్నాను. నాన్న కాజాల మిషను మీంచి తలెత్తలేదు. "అన్నయ్య కుట్టేశాడు కదమ్మా" అన్నాడు.

శనివారం గౌన్ల మూటలతో పాటు మమ్మల్నిద్దరినీ కూడా ఆ కాలేజీకి తీసుకెళ్లాడు పెద్దనాన్న. టై కట్టుకున్న మేనేజరు ఎదురొచ్చాడు. ముందు హాలు మధ్యలో, దీపాల కింద, చుట్టూ తాడు కట్టి, నేను పని నేర్చుకున్న లేత్ మిషను! నిగనిగలాడే ఎర్రరంగు పూశారు.

"మా కాలేజీ చరిత్ర సార్ ఇది" అన్నాడు మేనేజరు.

చెల్లి తాడు కిందనుంచి దూరి చక్రం తిప్పబోయింది. కదల్లేదు.

"ముట్టుకోకండి మేడమ్, పెయింటు పోతుంది!"

"మరి పనిచేసే మిషన్లెక్కడున్నాయి?"

"అన్నీ వీడియోల్లో చూపిస్తాం. చేతికి మరక కూడా అంటదు."

"విన్నావా, ఎంత శుభ్రమో!" పెద్దనాన్న మురిసిపోయాడు.

"నీకేం వచ్చు, ఏం కావాలి అని ఒక్క ముక్కైనా అడిగారా నన్ను? కొలతలు తీసుకోకుండా నువ్వు గుడ్డ కోస్తావా పెద్దనాన్నా?" అంది చెల్లి.

"నీ కొలతలు నాకు నోటికొచ్చులే, నోర్మూసుకో."

చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నోరు తెరిచేలోగా మేనేజరు మూట విప్పి, ఒక గౌను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావుంది సార్. వచ్చే ఏడు అస్తరు వద్దులెండి, ఫొటోలో లోపలివైపు పడదుగా. వెల్వెట్ కూడా ముందువైపు చాలు. వెనకెవడు చూస్తాడు?"

పెద్దనాన్న మొహం మాడిపోయింది. పాఠాలు లేకపోయినా, బొమ్మ మిషను పెట్టినా చలించని మనిషి, అస్తరు వద్దనేసరికి కుప్పకూలాడు. గౌన్లు లెక్కపెట్టి అప్పగించి, గేటు దాటాడో లేదో గయ్యిమన్నాడు.

"వెనకవైపు వద్దంట! సగం గౌను కాలేజీ! ఏదే, ఆ చిన్న కాలేజీ కాగితం తెచ్చావా?"

చెల్లి సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. నా వీపు మీద పెట్టి సంతకం గీకేశాడు.

కొట్టుకు రాగానే అద్దాల అరలోంచి గౌను పీకేశాడు. చొక్కా గుడ్డతో వచ్చినాయన, "ఏమండీ, మీ చిన్నమ్మాయి అందులో చేరట్లేదా?" అన్నాడు.

"ఆ కాలేజీయా? ఎప్పుడో చెడిపోయింది, నేను ముందే పసిగట్టా. ఇప్పుడు అసలు చదువంటే మావాళ్లు చేరే కాలేజీదే. తెలిసినవాళ్లెవరూ అటు పోరు." నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "దాని పేరేంటే?"

చెప్పాను. ఆయన చొక్కా గుడ్డాయనకు అదేదో చిన్నప్పటినుంచీ తెలిసిన పేరులా చెప్పాడు. ఆయన కూడా, "ఆహా, విన్నానండీ" అన్నాడు. విని ఉండడు.

"వాళ్ల గౌన్లెవరు కుడుతున్నారే?" అన్నాడు పెద్దనాన్న టేపు మెడలో వేసుకుంటూ.

"అక్కడ గౌన్లు లేవు."

"లేకపోవడమేంటి? సోమవారం నేనే వెళ్లి మాట్లాడతా. అస్తరూ, వెల్వెట్టూ, చుట్టూ!"

చెల్లి టేపు రెండు చివర్లూ పట్టుకుని ఆయన్ని ఆపింది.

"నీకు దణ్ణం పెడతా పెద్దనాన్నా, నేను చదివి బయటికొచ్చేదాకా ఆగు."