శవాలు చుట్టే చేతులు

మార్చురీ గేటు ముందు కాంట్రాక్టరు మనుషులు అతన్ని గొడ్డును బాదినట్టు బాదుతున్నారు. పట్టపగలు, అందరూ చూస్తుండగా. అతను చేతులైనా అడ్డం పెట్టుకోవడం లేదు.

"పిచ్చెక్కినోడికి ఇక్కడ పని లేదని చెప్పానా లేదా?" మాస్కు గడ్డం కిందకి లాక్కుని అరిచాడు కాంట్రాక్టరు. "పెళ్లాన్నే చంపబోయాడంట! రేపు నా పీక పిసకడని ఏంటి నమ్మకం?"

అతని భార్య పరుగెత్తుకొచ్చి మధ్యలో పడింది. కర్ర ఆమె భుజాన్నీ తాకింది. నిన్నటి సంగతి పక్కింటావిడ దగ్గర నోరుజారింది తనే. తెల్లారేసరికి అది గేటు దాకా పాకింది. ఆ నోటికి వాత పెట్టుకోవాలనిపించింది ఆమెకు.

రోగం వచ్చి ఊరు మూతపడ్డ నాటి నుంచి, నాలుగు నెలలుగా, అతను శవాలను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి కడుతున్నాడు. సెలవు లేదు, కంటికి కునుకు లేదు. ఇంట్లో మాట్లాడటం మానేశాడు. నిన్న మధ్యాహ్నం ఆమె కాస్త నడుం వాల్చింది. ఊపిరాడక మెలకువొస్తే మొహం మీద దుప్పటి ఉంది. అతను అప్పటికే, శవాన్ని చుట్టినట్టే, ఆమె కాళ్లు కట్టేసి మెడ దగ్గరికొచ్చాడు. కరిచింది, రక్కింది, తన్నింది. రక్తం చూశాక ఆగాడు. "నువ్వు కదిలావేంటి?" అని అడిగి, గోడకేసి తల బాదుకుని ఏడ్చాడు.

"మా ఆయన పిచ్చోడు కాడు! అన్నా, మీరైనా చెప్పరేం?" తోటి పనివాళ్లకేసి తిరిగి అరిచింది.

జట్టులో పెద్దవాడు, అందరూ పొడుగన్న అని పిలిచేవాడు, ముందుకొచ్చాడు. "ఏం చెప్పను చెల్లెమ్మా! నా కొడుకు నిద్రపోతుంటే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంటున్నా."

"నిన్న మా అమ్మని కొట్టాను. ఎందుకో నాకే తెలీదు," ఊడ్చే అక్క తల వంచుకుంది.

ఇన్నాళ్లూ ఎవరిళ్లలో వాళ్లు తలుపులేసుకుని సిగ్గుపడ్డ సంగతి ఇది. ఇది ఒక్కడి బుర్రలో పుట్టిన జబ్బు కాదు, ఆ పని పెట్టిన జబ్బు. ఆ ముక్క వాళ్లకు ఆ ఎండలో, మొదటిసారి తెలిసొచ్చింది.

"ఇతన్ని డాక్టరుకు చూపించు. అందరికీ వారానికో సెలవివ్వు. అందాకా ఒక్క శవాన్నీ ముట్టుకోం," అన్నాడు పొడుగన్న.

కాంట్రాక్టరు కనుసైగ చేశాడు. పొడుగన్న చెయ్యి విరిగింది. ఊడ్చే అక్క బకెట్టుతో ఒకడి మూతి పగలగొట్టింది. భార్య మీదికి ఇనపరాడ్డు లేచింది. అంతవరకూ రాయిలా ఉన్న మనిషి ఆమెను వాటేసుకుని అడ్డమొచ్చాడు. దెబ్బ అతని నడినెత్తిన పడింది. ఆమె ఒళ్లోనే ప్రాణం పోయింది.

ముందుగా తేరుకున్నది కాంట్రాక్టరే. "రోగంతో పోయాడని రాయించేస్తా. పోలీసులొచ్చేలోపు చుట్టి బండెక్కించండి!"

అలవాటైన చెయ్యి కదా, జట్టులో ఒకడు సంచి తెచ్చి విప్పాడు కూడా. ఆమె కళ్లలోకి చూసి, దాన్ని పరపరా చించేశాడు.

"చుట్టేది లేదు," అంది ఆమె. "ఈ తల ఊరంతా చూడాలి."

స్ట్రెచరు మీద పడుకోబెట్టి, మొహం మీద గుడ్డయినా కప్పకుండా రోడ్డెక్కారు. మూసుకున్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పోలీసు జీపు అడ్డంగా వచ్చి ఆగింది.

"గుంపులు కట్టకూడదని తెలీదా? శవాన్ని కప్పండి! లేకపోతే అందర్నీ లోపలేస్తాం!"

"వేద్దురుగాని. ముందు వాణ్ణి ఎక్కించండి," ఆమె వెనక్కి తిరిగి, ఆపడానికి వెంటబడి వచ్చిన కాంట్రాక్టరును చూపించింది. "తర్వాత మేమెక్కుతాం."

జీపు కదల్లేదు. ఆమె స్ట్రెచరును దాని మీదికే తోసింది. వెనక, అంబులెన్సు డ్రైవర్లు ఒక్కొక్కరే బండ్లాపి దిగి వస్తున్నారు.