ఎడమవైపు టోపీ ఎక్కడ?

నేను ఒక జతను. పేరుకి ఒక్కదాన్ని, పనికి ఇద్దరం. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, మధ్యలో బారెడు తీగ. చెవి లోపలికంటా దూరి కూర్చునే ఇయర్‌ఫోన్లను నేను. నా రెండు మూతులకీ రెండు నల్లటి రబ్బరు టోపీలుంటాయి. మెత్తగా, చిక్కుడుగింజంతేసి. వాటిలో ఒక టోపీ ఒక ఆదివారం పూట చేసిన గందరగోళం తల్చుకుంటే నాకిప్పటికీ తీగంతా జివ్వుమంటుంది! ఆగండాగండి, హడావిడిలో మధ్యలోంచి మొదలెట్టేస్తున్నాను. మొదట్నుంచీ చెబుతాను.

నేను పుట్టిన ఊరి పేరు నాకు తెలీదు. తెలిసిందల్లా ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ వరసగా చేతులు. ఒక చేయి తీగ అతికింది. ఇంకో చేయి మాట పలికే పలుచని పొర పెట్టింది. మరో చేయి దాని మీద జల్లెడలాంటి సన్నని జాలీ బిగించింది. ఆఖరి చేయి టోపీలు తొడిగి, ఊడొస్తాయేమోనని ఒకసారి లాగి చూసి, నన్ను పెట్టెలో పడుకోబెట్టింది. ఆ లాగి చూడడం ఎంత గొప్ప పనో నాకు చాలా కాలానికి గానీ తెలిసిరాలేదు.

నన్ను మొదట కొన్నవాడు అవినాష్. సామర్లకోటలో లారీల ఆఫీసులో గుమాస్తా. కొన్నరోజున నన్ను చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుని "అబ్బా!" అన్నాడు చూడండి, నా జన్మ ధన్యమైందనుకున్నాను. కానీ ఆ మహానుభావుడు ఏడాది పొడుగునా నన్ను ఒక్కనాడు తుడిచిన పాపాన పోలేదు. జేబులో బఠాణీల పొట్టుతో, బస్సు టిక్కెట్లతో కలిపి కుక్కేవాడు. చెమట తడితోనే చుట్ట చుట్టేవాడు. అతని చెవిలోని గులిమి కొంచెం కొంచెంగా నా జాలీ మీద మైనంలా పేరుకుపోయింది. మాట సన్నబడింది. ఇంకేం, సౌండు పెంచాడు. ఇంకా పెంచాడు. చివరికి పిన్నీసుతో పొడిచాడు. పొడిస్తే ఆ మైనం ఇంకా లోపలికే పోయింది. "తయారుచేసినోళ్ళు దొంగలు!" అని నన్ను బల్ల మీదికి విసిరికొట్టాడు. తన చెవిలోది తెచ్చి నా నోట్లో కుక్కి, నేను మూగదాన్నైపోయానని నన్నే తిట్టడం! మనుషుల న్యాయం ఇలాగే ఉంటుంది కాబోలు.

ఆ ఆఫీసు లారీ తోలే దొరబాబు నన్ను అడిగి పుచ్చుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ, అతని భార్య నూకరత్నం చేతిలో పడ్డాను.

నూకరత్నం చిన్నది. బడి మధ్యలో మానేసి పెళ్ళి చేసుకుంది, ఇప్పుడు ఏడాది నిండని పాపకి తల్లి. భయం ఆమెకి బొట్టుతోపాటే ఉంటుంది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. అలాంటి మనిషి నన్ను వెలుతుర్లో పెట్టి చూసి "ఛీఛీ! ఇవి నా పిల్ల పక్కన పెట్టుకోవాలా?" అంది. నాకు సిగ్గుతో తీగ ముడుచుకుపోయింది.

అయితే ఆ రోజు నాకు జరిగిన వైభోగం వినండి! టోపీలు నెమ్మదిగా తిప్పి ఊడదీసింది. నన్ను తలకిందులుగా పట్టుకుంది. రాలేది కిందికి రాలాలి గానీ లోపలికి పోకూడదని ఆ బుర్రకి ఎవరూ చెప్పకుండానే తట్టింది. పాపకని కొని ఇంకా వాడని మెత్తటి పళ్ళ బ్రష్షుతో, తడి లేకుండా, జాలీ మీద అలా అలా దువ్వింది. పాప తలలో మాడు దువ్వినట్టే! ఆవగింజల్లా రాలింది ఏడాది పాపం. తర్వాత ఫోనుకి తగిలించి పాట పెట్టింది. నా గొంతు నాకే గుర్తుపట్టలేనంత తేటగా వచ్చింది. నూకరత్నం గెంతులేసింది. నేనూ వేసేదాన్నే, కాళ్ళు లేక ఊరుకున్నాను.

ఒక్క తప్పు చేసింది. టోపీల్ని పాలసీసా పీకలతో కలిపి గిన్నెలో పడేసి తెర్లబెట్టింది. పీకలూ టోపీలూ పక్కపక్కనే పడి సలసలా కాగాయి. చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. సబ్బునీళ్ళలో కడిగి గుడ్డ మీద ఆరబెడితే చాలేది. కానీ తల్లి మనసు కదా, మరగపెట్టందే ఊరుకోదు. అలా వారానికోసారి తెర్లి తెర్లి టోపీలు వదులైపోయాయి. తొడిగినప్పుడు నా మూతుల మీద జారుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఎవరికి చెప్పను? లోకంలోని మాటలన్నీ చెవిలో వేస్తాను గానీ నాకంటూ ఒక్క మాటా లేదు.

ఇక ఆ ఆదివారం. అత్తగారు మంగాయమ్మ పొద్దున్నే కోడలికి తలంటు పోసింది. మాడు మీద కొబ్బరినూనె మర్దించి, అలవాటు ప్రకారం రెండు చెవుల్లోనూ రెండేసి చుక్కలు వేసింది. తల ఆరకముందే దొరబాబు ఫోను. ఎక్కడో నాగ్‌పూర్ దారిలో ఉన్నాడు. ఒళ్ళో పాప తన్విక కునుకు తీస్తోంది, దానికి మెలకువ రాకూడదని నూకరత్నం నన్ను చెవుల్లో పెట్టుకుని గుసగుసగా మాట్లాడుతోంది. నూనె చెవి, వదులు టోపీ! ఎడమవైపు నాకు పట్టు దొరకడం లేదు.

"పాలు పొంగిపోతున్నాయే!" అని వీధరుగు మీదనుంచి మంగాయమ్మ కేకేసింది. నూకరత్నం ఉలిక్కిపడి పాపని పరుపు మీద దింపి, నన్ను తీగ పట్టి ఒక్క లాగు లాగి అక్కడే పడేసి పరుగెత్తింది. నేను బయటికొచ్చాను. ఎడమ టోపీ రాలేదు. చెవిలోనే ఉండిపోయింది!

ఆమె తిరిగొచ్చేసరికి తన్విక లేచి కూర్చుని ఉంది. నా తీగ దాని గుప్పిట్లో ఉంది. నోరు ఆడుతోంది. నూకరత్నం నన్ను లాక్కుని చూసింది. ఎడమవైపు టోపీ లేదు.

"అమ్మో! అత్తయ్యా! పిల్ల రబ్బరు మింగేసిందండీ!"

పాప నోట్లో వేలు పెట్టి వెతికితే నానిన మరమరం ఒకటి దొరికింది. టోపీ దొరకలేదు. పాలపీకలా ఉండే వస్తువు, పాప పీక అనుకుని చీకి మింగేసిందని నూకరత్నానికి క్షణంలో ఖాయమైపోయింది. పైప్రాణాలు పైనే పోయాయి. నన్ను మెడలో వేసుకుని దుప్పట్లు దులిపింది, మంచం కింద దూరింది, చీపురుతో మూలలన్నీ ఊడ్చింది. నేను ఆమె మెడలో వేలాడుతూ అరుస్తున్నాను: నీ చెవిలో ఉందే తల్లీ! నీ చెవిలో! జానెడు దూరంలో ఉండి కూడా ఆ మాట చేర్చలేని ఇయర్‌ఫోన్లు ఎందుకు చెప్పండి!

మంగాయమ్మ లోపలికొచ్చి చేతికందిన అరటిపండు ఒలిచింది.

"అరటిపండెట్టు. జారిపోద్ది. మీ ఆయన చిన్నప్పుడు బొత్తాం మింగేస్తే ఇలాగే చేశాం."

"గొంతుకడ్డం పడితే ఏం చెయ్యాలండీ?"

"గొంతుకడ్డం పడినోళ్ళు ఇలా నవ్వుతారటే? చూడు దాని మొహం! ఇంకో పండు తెమ్మంటోంది."

నిజంగానే తన్వికకి ఆ పూట పండగ. పండు మీద పండు పెడుతున్నారు, ఎగరేస్తున్నారు, వీపు నిమురుతున్నారు. చప్పట్లు కొడుతోంది. నూకరత్నం మాత్రం పాప గుండె మీద కుడిచెవి ఆనించి వింది, మళ్ళీ వింది, ఇక ఆగలేక చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపింది.

ఆటోలో మంగాయమ్మ ఎడమపక్క కూర్చుంది. రైలుగేటు దాకా తిట్టింది. "చెవుల్లో ఆ తాళ్ళు పెట్టుకుంటే నీకు లోకం అక్కర్లేదు. ఎన్నిసార్లు చెప్పేను! వాడికి ఫోన్లో తప్ప మాట్లాడ్డం రాదా?" నూకరత్నం మారు పలకలేదు. పాపనే చూస్తోంది, కళ్ళనీళ్ళు పాప జుట్టులోకి కారుతున్నాయి. గేటు దాటాక మంగాయమ్మ గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది. కోడలి ఎడమచెవి దగ్గరికి వంగి, ఆటోవాడికి వినపడకుండా అంది:

"బెంగెట్టుకోకే. పిల్లని నువ్వు చూసుకున్నట్టు నేను నా కొడుకునే చూసుకోలేదు. నీ చేతిలో ఉండగా దానికేం కాదు."

పెళ్ళయినప్పటినుంచీ నూకరత్నం ఏ మాట కోసం ఎదురుచూస్తోందో, ఆ మాట! మెడలో ఉన్న నేను విన్నాను. చెవి వినలేదు. దారిలో రబ్బరు టోపీ అడ్డం కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పిల్లల ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చున్నారు. ముందు ఇంకా ఇద్దరున్నారు. మంగాయమ్మ ఏదో అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది.

"ఏమే, ఇందాకట్నుంచీ వాగుతూనే ఉన్నాను, ఒక్క ముక్కా పలకవేంటి?"

"ఆఁ?" అంటూ నూకరత్నం కుడిచెవి ఆమె వైపు తిప్పింది. "మీరేసిన నూనెకి ఎడంచెవి దిబ్బడేసిందత్తయ్యా. ఆ పక్క ఏం వినపడట్లేదు."

"రెండు చెవుల్లోనూ వేశాను కదే. రెండోది దిబ్బడెయ్యలేదేం?"

ఆ ప్రశ్నకి నేను గాల్లోకి ఎగరాల్సింది! మంగాయమ్మ కోడలి గడ్డం పట్టి మొహాన్ని కిటికీ వెలుతురుకి తిప్పింది. చెవి తమ్మె పట్టి లాగి ఒక కన్ను మూసి చూసింది.

"ఓరి నీ దుంపతెగ! ఇక్కడెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావేంటే!"

అంటూనే గాజుకున్న పిన్నీసు ఊడదీసింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయం వేసింది. ఆ పిన్నీసుల సంగతి నాకు తెలుసు. అదృష్టం, నర్సమ్మ చూసి కేకేసింది: "అమ్మగారూ, అది లోపలెట్టకండి! చెవి పోద్ది!"

డాక్టరమ్మ ముందు పాపని చూసింది. గుండె, గొంతు, పొట్ట అన్నీ బాగున్నాయి. "అరటిపళ్ళు కొంచెం ఎక్కువైనట్టున్నాయి," అంది. తర్వాత తల్లిని కూర్చోబెట్టి, లైటు పెట్టి, సన్నని పట్టకారుతో నూనెలో నానిన నల్ల టోపీని పైకి తీసింది. టప్ మని చప్పుడు! నూకరత్నం చెవిలోకి ఫ్యాను, వీధిలో హారన్లు, పక్కగదిలో పిల్లల ఏడుపు అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. వాటన్నింటి మధ్యలోంచి తన్విక కిలకిలా నవ్వింది. నూకరత్నం నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను. రెండూ చేసింది.

"తెర్లబెట్టకమ్మా, వదులైపోతాయి," అంది డాక్టరమ్మ. "సబ్బునీళ్ళు చాలు. పూర్తిగా ఆరాక తొడుగు, తొడిగాక లాగి చూడు. చెవిలో నూనెలు మాత్రం ఇక వద్దు." ఆ చివరి మాట మంగాయమ్మ వైపు చూస్తూ అంది. మంగాయమ్మ సీలింగు చూసింది.

బయటికొచ్చాక నూకరత్నం అడిగింది: "ఆటోలో నా పక్కకి వంగి ఏదో అన్నారు కదత్తయ్యా. ఏంటది?"

"ఏముంటది? తిట్టాను."

నేను మెడలో గిలగిల్లాడాను. అబద్ధం! అబద్ధం!

దారిలో సెల్‌ఫోన్ల కొట్టులో నాకు కొత్త టోపీలు దొరికాయి. నీలంరంగువి. నూకరత్నం వాటిని కడిగి, ఆరబెట్టి, తొడిగి, లాగి చూసింది. ఊడలేదు. నా పుట్టుకనాటి ఆ ఆఖరి చేయి తర్వాత అలా లాగి చూసినది ఈమే. సాయంత్రం దొరబాబు ఫోను వచ్చింది. నన్ను పెట్టుకోబోతుంటే మంగాయమ్మ వచ్చి ఎడమపక్కనే చతికిలబడింది.

"ఒకటి ఇలా ఇయ్యి. వాడి గొంతు నేనూ వింటాను."

నా ఎడమవైపు ఆమె చెవికి, కుడివైపు కోడలి కుడిచెవికి. దొరబాబుకి సంగతంతా చెబితే మొదట పగలబడి నవ్వాడు, తర్వాత బెంగగా అడిగాడు: "మరి నేను బండి వెనక్కి తిప్పేసి వచ్చెయ్యనా అమ్మా?"

మంగాయమ్మకి ఇయర్‌ఫోన్లలో నెమ్మదిగా మాట్లాడాలని తెలీదు. నాగ్‌పూర్‌కి వినపడాలన్నట్టు అరిచింది:

"ఎందుకురా? పిల్ల దాని తల్లి చేతిలో ఉంది. అంత జాగ్రత్తగా చూసేదాన్ని నేను ఈ వీధిలోనే చూళ్ళేదు. నువ్వు నిబ్బరంగా బండి తోలుకో!"

నూకరత్నం కదలకుండా కూర్చుండిపోయింది. ఒళ్ళో పాప తల నిమిరే చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఆమె ఎడమచెవిలో ఆ వేళ నూనె లేదు, టోపీ లేదు, నేనూ లేను. ఆ మాట తిన్నగా వెళ్ళింది.

చెవుల్లో మాట చేర్చడమే నా బతుకు. అయినా ఆ ఒక్క మాట నన్ను దాటుకుని తనంతట తాను వెళ్ళిపోతుంటే, పనిలేక ఇంత సంబరపడిన ఇయర్‌ఫోన్లు లోకంలో ఇంకెక్కడా ఉండవేమో!