డచ్చివాళ్ళ మూత

గొడవ బిస్కెట్ డబ్బా మూత దగ్గర మొదలైంది. లెస్టర్ నుంచి వచ్చిన చుట్టాలకు టీ ఇచ్చి, డబ్బా తెరిచి బల్ల మీద పెట్టాను. మా బావగారు అందులోంచి తలా ఒక బిస్కెట్ తీసి సాసర్లలో వేసి, మూత గట్టిగా నొక్కి, డబ్బాను అల్మారా మీదకు ఎక్కించారు. నేను దింపాను. ఆయన మళ్ళీ ఎక్కించారు.

"బావగారూ, అంత దూరం నుంచి వచ్చినవాళ్ళ ముఖాన ఒక్క బిస్కెట్ పారేస్తే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారోనని ఏడవబట్టే అమ్మా మనం ఇలా ఉన్నాం. ఆ డచ్చాయన వీబె వాళ్ళింట్లో చూశాను. కాఫీ, ఒక బిస్కెట్, మూత. అంతే! అందుకే వాళ్ళకు నాలుగు గ్రీన్‌హౌస్‌లు, మనకు నాలుగు అప్పులు."

"మన అప్పులు బిస్కెట్లు తిని చేసినవి కాదులెండి."

వాయిదాల మీద కొన్న ఆయన నల్ల కారు వాకిట్లో సగం రోడ్డు ఆక్రమించి ఉంది. నేను అటు చూడలేదు. కూర్చున్నవాళ్ళంతా చూశారు.

"ఒక మూత కోసం ఎందుకు రువా వాళ్ళమ్మా," అన్నాడు మా ఆయన విటాలిస్, ఎప్పటిలాగే మెల్లగా. హాస్పిటల్లో ముప్ఫై పడకల వార్డును నడిపే నర్సు ఆయన. అన్నగారి ఎదుట మాత్రం ఆయన గొంతు టీ కప్పులోనే ఉండిపోతుంది.

బావగారి పేరు ఎఫ్రాయిమ్ గొటోరా. హరారేలో ఎకనామిక్స్ ఎం.ఏ. చదివారు. ఇంగ్లండ్ వచ్చాక ముసలివాళ్ళ ఆశ్రమాలకు పనివాళ్ళను సరఫరా చేసే ఏజెన్సీ పెట్టారు. హరారేలో ఆరు పడకగదుల ఇల్లు కట్టించారు. అందులో కాపలావాడూ వాడి కోళ్ళూ ఉంటాయి. ఇంత సాధించిన మనిషి ఊరుకోకూడదు కాబట్టి ఈ మధ్య ఉపన్యాసాలు మొదలుపెట్టారు. విషయం, ఈ దేశంలో డచ్చివాళ్ళు ఎలా పైకొచ్చారు, జింబాబ్వేవాళ్ళు ఎందుకు రాలేదు. లెస్టర్ చర్చిలో చెప్పారు, లూటన్ చర్చిలో చెప్పారు. ఇప్పుడు మా స్పాల్డింగ్ ఊరి లైబ్రరీ వాళ్ళు పిలిచారట. తెర మీద వేసే బొమ్మలన్నీ కంప్యూటర్లో పెట్టుకుని, ఆ సాయంత్రం మా ముందురూములో మా మీదే సాధన చేశారు.

తెర మీద రెండు గడులు. ఎడమవైపు డచ్చి, కుడివైపు మేము. డిగ్రీల గీత మాది పొడుగు, జీతాల గీత పొట్టి. సొంత ఇళ్ళ గీత వాళ్ళది ఆకాశంలో ఉంది. "ఈ తేడాకి కారణం ఒక్కటే, ప్రణాళిక లేని బతుకు," అన్నారు బావగారు కర్రతో చూపిస్తూ. వీబె వాళ్ళ నాన్న ఈ ఊరికి పడవలో పూలదుంపల బస్తాలతో దిగినప్పుడు అప్పటికే ఇక్కడ పొలమున్న మేనమామ ఎదురొచ్చి చేయి కలిపాడు. మేము దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో ఒకాయన మా డిగ్రీలను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దొంగనోటేమో అన్నట్టు చూశాడు. ఇది ఏ గీతలోనూ పట్టలేదు కాబోలు. నేను జాగ్రఫీలో డిగ్రీ చేసి పదకొండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని. పటం గీసేవాడు దేన్ని వదిలేశాడో ముందు చూడమని పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడ చెప్పలేదు. కోడలు బావగారికి పాఠం చెప్పదు. ఆయన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు పోస్తుంది.

చివరి బొమ్మ చూసేసరికి మాత్రం చేతిలో ట్రే బల్ల మీద పెట్టేశాను. తెల్ల కోటులో నా కూతురు రువరాషె. ఎప్పుడో స్కూల్లో సైన్సు ప్రయోగాల నాడు తీసిన ఫొటో. కింద పెద్ద అక్షరాలతో "రేపటి నర్సు."

"పెదనాన్నా, నేనింకా నర్సింగ్‌కి ఒప్పుకోలేదు," అంది రువా.

"నువ్వు ఒప్పుకునేదేముంది తల్లీ? సీటు వచ్చింది. సోమవారం వెళ్ళి చేరతావు. డచ్చివాడికి పువ్వు, మనకు నర్సింగు. ఎవరి బలం వాళ్ళది."

ఆ సోమవారమే వీబెకు కూడా రువా జవాబు చెప్పాలి. వారంలో నాలుగు రోజులు తన గ్రీన్‌హౌస్‌లో పని నేర్చుకుంటూ ఒక రోజు కాలేజీకి వెళ్ళమని, మూడేళ్ళు తిరిగేసరికి తోట పెంపకంలో పట్టా వస్తుందని, జీతం కూడా ఇస్తానని ఆయన అడిగాడు. దానికి పద్దెనిమిదేళ్ళు. పదేళ్ళ వయసు నుంచి సెలవుల్లో అది ఉన్నది అక్కడే, మా చిన్నమామయ్య వెనక. ఆయన మా మామగారి తమ్ముడు. మాతోపాటే ఉండేవాడు. పదిహేనేళ్ళు వీబె దగ్గర ట్యూలిప్పులు దుంపతో సహా పీకి, కత్తితో దుంప కోసేసి కట్టలు కట్టాడు. "ఈ పిల్ల చేతికి పువ్వు బెదరదు. దీన్ని తోటకే పంపండి," అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. చలికాలంలో పోయాడు. మర్నాడు ఆయన సంస్మరణ. చుట్టాలంతా దిగింది అందుకే.

వంటింట్లో రువా ఆకుకూర కడుగుతూ, నీళ్ళపంపుతో చెబుతున్నట్టు చెప్పింది. "అమ్మా, పెదనాన్నతో నువ్వు మాట్లాడు."

"కోడలు మాట్లాడకూడదే."

"నాన్న?"

"నాన్న తమ్ముడు."

"నేను?"

"నువ్వు పిల్లవి. ఇందాక అన్నదే ఎక్కువ."

"అయితే ఈ ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పగలిగింది ఎవరమ్మా?"

"మీ చిన్నతాతయ్య. ఆయన పోయాడు."

ఆ మాట అన్నాక నా చూపు వెనక తలుపు కొక్కేనికి పోయింది. చిన్నమామయ్య పనికోటు ఇంకా అక్కడే వేలాడుతోంది. జేబుల నిండా ట్యూలిప్ కట్టలకు వేసే రబ్బరు బ్యాండ్లు.

మా చావుల్లో కోడళ్ళకు ఒక్క హక్కుంది. బతికున్నన్నాళ్ళూ ఎవరికి మోకాలు వంచామో, పోయాక ఆ మనిషి బట్టలు వేసుకుని, ఆయన నడక నడిచి, ఆయన దగ్గు దగ్గి, ఆయన గొంతుతో ఇంటిల్లిపాదినీ ఆడిపోసుకోవచ్చు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే పోయినవాణ్ణి అవమానించినట్టు. ఈ ఊరి శ్మశానంలో మాకిచ్చిన కాసేపట్లో, వెనక ఇంకో శవం వాళ్ళు వరసలో నిలబడి గడియారాలు చూస్తుంటే అదేమీ సాగలేదు. మా తోటికోడళ్ళు ఆ బాకీ సంస్మరణకు దాచి ఉంచారు. నేను వంట చూసుకుంటానని అప్పటికే చెప్పేశాను. సంకటి తెడ్డు రువా చేతిలో పెట్టి, కోటు తీసి ఇస్త్రీ చేశాను.

మర్నాడు రెండింటికి రమ్మంటే రెండింటికి వచ్చిన మనిషి వీబె ఒక్కడే. చేతిలో రబ్బరు బ్యాండు వేసిన ట్యూలిప్ కట్ట. మావాళ్ళు ఒక్కొక్కరే దిగేదాకా ఖాళీ కుర్చీల మధ్య నిటారుగా కూర్చున్నాడు. బావగారు ఆయన పక్కకు చేరి కంప్యూటరు తెరిచారు.

"చూడండి వీబె గారూ, ఇది మీ సమాజం. ఎంత ఐకమత్యం, ఎంత పొదుపు!"

"నాకు సమాజమేమీ లేదు," అన్నాడు వీబె. "మా తమ్ముడు ఒకడున్నాడు. ఒక కాలవ గట్టు దగ్గర తగువొచ్చి మాట్లాడుకోవడం మానేశాం."

"అంటే... అది వ్యక్తిగతం. మొత్తం మీద చూస్తే..."

"మొత్తం అంటే ఎవరు? మా వాళ్ళు సగంమంది దివాలా తీసి వెళ్ళిపోయారు. మీ లెక్కలో వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారా?"

బావగారు కంప్యూటరు మూశారు. మూతలు మూయడంలో ఆయనకు మంచి అలవాటే.

ప్రార్థన అయింది. పాటలయ్యాయి. మా తోటికోడళ్ళు డప్పు అందుకున్నారు. నేను చిన్నమామయ్య కోటు తొడుక్కుని, ఊలు టోపీ చెవుల దాకా లాక్కుని, మణికట్టుకు రబ్బరు బ్యాండ్లు వేసుకుని, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ వంటింట్లోంచి వచ్చాను. ఆయన మాట్లాడే ముందు రెండుసార్లు దగ్గేవాడు. నేను దగ్గేసరికి మా పెద్దాడపడుచు ఫిలొమీనా వదిన కేక పెట్టింది. "అయ్యో, బాబాయ్ వచ్చాడే!"

ముందు మా ఆయన దగ్గర ఆగాను. "ఏరా విటాలిస్, నువ్వింకా బతికే ఉన్నావా? గొంతు వినపడక నాతోపాటు వచ్చేశావనుకున్నాను."

నవ్వులు. ఆయన కూడా నవ్వాడు, తల వంచుకుని.

లెస్టర్ చుట్టాల దగ్గర ఆగాను. "తిన్నారా? ఒక బిస్కెటేనా? మిగతావి ఎఫ్రాయిమ్ బ్యాంకులో వేశాడమ్మా, వడ్డీతో ఇస్తాడు." వాళ్ళు కుర్చీల మీద పడీపడీ నవ్వారు.

అప్పుడు బావగారి ముందుకొచ్చాను. జీవితంలో మొదటిసారి ఆయన కూర్చుని ఉంటే నేను నిలబడి ఉన్నాను.

"ఎఫ్రాయిమ్! ఏదో గడులు గీశావట. నన్ను ఏ గడిలో వేశావురా?"

ఆయన నవ్వాలి కాబట్టి నవ్వు ముఖం పెట్టారు. "జింబాబ్వే గడిలోనే బాబాయ్."

"మరి పదిహేనేళ్ళు నేను పీకిన పువ్వులో? అవి ఏ గడిలో పడ్డాయి?"

ఆయన జవాబు వెతుక్కుంటుండగా వెనక నుంచి వీబె స్పష్టంగా చెప్పాడు. "నా గడిలో."

ఇల్లు అదిరిపోయేట్టు నవ్వారు. వీబె నవ్వలేదు. అడిగిన ప్రశ్నకు జవాబిచ్చాడు, అంతే. ఇది ఆట అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మాకు అది పుట్టుకతో తెలుసు.

నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. చుట్టాలు నవ్వి మర్చిపోయే మాటను ఈ మనిషి మర్చిపోడు. ఆయన వైపు తిరిగి రెండుసార్లు దగ్గాను.

"వీబే, నా చోటు ఖాళీగా ఉందా?"

"ఉంది."

"నా మనవరాలు రువరాషెకు దాని మీద మనసుంది. సోమవారం నుంచి పంపిస్తాను. నా కత్తి దానికివ్వు."

ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి, పెన్సిలు తడిచేసుకుని రాసుకున్నాడు. "సరే గొటోరా. ఏడింటికి. బూట్లు తనే తెచ్చుకోవాలి."

డప్పు ఆగలేదు. ఆడవాళ్ళు నాలుకలాడించి కేకలు వేశారు. గుమ్మం దగ్గర తెడ్డు పట్టుకుని నిలబడ్డ రువా ఒక్కతే కదలలేదు.

భోజనాలకు కూర్చున్నారు. కోటు తీసేసి మళ్ళీ కోడలినై, మోకాళ్ళ మీద కూర్చుని బావగారి చేతుల మీద నీళ్ళు పోశాను. సంకటి, గొడ్డుమాంసం, ఆకుకూర అందరి ముందూ పెట్టాను. వీబె మాంసం ముక్క కోసుకుంటూ బావగారితో అన్నాడు. "మంచి పిల్ల. సోమవారం కోసం బీమా కాగితాలు రేపు తయారు చేయిస్తాను."

బావగారి ముద్ద నోటి దగ్గరే ఆగింది. "అబ్బే, వీబె గారూ! అది మా ఆచారం. హాస్యం. కోడళ్ళు అలా ఏవో అంటుంటారు."

"ఆవిడ అడిగింది. నేను సరే అన్నాను. ఇంతమంది విన్నారు. హాస్యమైతే అప్పుడే చెప్పాల్సింది."

"అలా కాదండీ..."

"డచ్చివాడు ఒకసారి మాటిస్తే రాతిమీద గీత అని నిన్న నువ్వే కదరా కర్ర పట్టుకుని చెప్పావు?" అంది ఫిలొమీనా వదిన ఎముక చీకుతూ. "ఏ బొమ్మలోనో ఉంది కూడానూ."

"అక్కా, నువ్వు ఊరుకో."

"నేను ఊరుకుంటాను. నీకు కోపమొచ్చిందా చెప్పు. పోయినవాడి కోటు వేసుకున్న కోడలి మీద కోపం తెచ్చుకున్న మగాడు మన వంశంలో ఇంతవరకు లేడు. మొదటివాడివి నువ్వవుతావా?"

"నాకు కోపమేమిటి? నవ్వుతున్నాను కదా!" అన్నారు బావగారు. ఆయన ముఖంలో నవ్వు తప్ప అన్నీ ఉన్నాయి. చుట్టాలు తినడం మానేసి ఆయన్నే చూస్తున్నారు. వీబె కూడా చూస్తున్నాడు, జవాబు కోసం, కత్తీ ఫోర్కూ పళ్ళెంలో సమంగా పెట్టి.

అప్పుడు మా ఆయన చెయ్యని పని చేశాడు. కుర్చీ దిగి, అన్నగారి ముందు చతికిలబడి, మర్యాదగా అరచేతులు చరిచాడు. "అన్నయ్యా, రువా తోటకే వెళ్తానంటోంది. నాకూ అదే ఇష్టం. కానీ ఇంటికి పెద్ద మీరు. నిర్ణయం మీరే చెప్పాలి."

వార్డులో ఆయన గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. ఇలాగే ఉంటుందేమో.

బావగారు చేతులు తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు. లైబ్రరీలో నిలబడబోయేట్టే, పొట్ట లోపలికి లాక్కుని లేచి నిలబడ్డారు.

"రువరాషె గురించి నేను ఎంతోకాలంగా, లోతుగా ఆలోచిస్తూ వచ్చాను," అన్నారు. "నర్సులు మనలో కావలసినంతమంది ఉన్నారు. తోటల్లోకి మనవాళ్ళు వెళ్ళడం లేదు. ఆ గీత పెరగాలి. కాబట్టి ఈ కుటుంబ పెద్దగా ప్రకటిస్తున్నాను. సోమవారం నుంచి మా అమ్మాయి వీబె గారి గ్రీన్‌హౌస్‌కి వెళ్తుంది. ఇది పూర్తిగా నా నిర్ణయం."