చూడవచ్చిన వాళ్ల చెప్పులు

సూరత్‌లోని డిండోలిలో వినోద వాళ్ల గడప ముందు పొద్దున్నుంచే చెప్పులుంటాయి. అవి ఇంట్లో వాళ్లవి కావు. వాళ్లు బొంతలమ్మే వెబ్‌సైట్ చూడవచ్చిన వాళ్లవి. ఎక్కడో ఎవరో ఫోన్‌లో ఆ పేజీ తెరిస్తే ఇక్కడ వాళ్ల చెప్పులు ప్రత్యక్షమవుతాయి. పేజీ మూసేస్తే మాయమవుతాయి. పాలు పోసే అతను వాటి మధ్య చూసుకుంటూ అడుగులేస్తాడు. వినోద అత్త కొమురవ్వ వాకిలి ఊడ్చేటప్పుడు వాటిని పక్కకు జరిపి, ఊడ్చి, మళ్లీ జతలు కలిపి పెడుతుంది. పక్కింటి హంసాబెన్ బట్టలు ఆరేస్తూ, "ఆజ్ మెహమాన్ కమ్ హై" అంటుంది, ఈరోజు చుట్టాలు తక్కువేనని. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అత్తాకోడళ్లిద్దరూ బొంతలు కుడతారు. మిల్లుల్లో మిగిలిన గుడ్డ ముక్కలను సూరత్‌లో చిందీలంటారు. వినోద భర్త సంపత్ ఉధ్నాలో మగ్గాల మీద పని చేస్తాడు. వచ్చేటప్పుడు ఆ చిందీల మూట తెస్తాడు. మగ్గాల కార్ఖానాలో పని సగానికి పడిపోయినప్పుడు, ఇంట్లో పేరుకున్న బొంతలను అమ్మడానికి కూతురు నీరజ ఈ వెబ్‌సైట్ పెట్టింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగి, ఇక్కడే కాలేజీలో చదువుతోంది.

మొదట్లో చెప్పులు వచ్చేవి, వచ్చినట్టే పోయేవి. కొన్నిసార్లు ఒకటే చెప్పు వచ్చేది, రెండోది వచ్చేలోపే మొదటిది కూడా పోయేది.

"ఫొటోలు భారీగున్నయి మమ్మీ, పేజీ తెరుచుకునేసరికి జనాలకు ఓపిక అయిపోతుంది" అని నీరజ ఫొటోలన్నీ చిన్నవి చేసింది. అప్పట్నుంచి రెండు చెప్పులూ వచ్చాయి, కానీ నిలబడలేదు.

కొమురవ్వ గడప మీద కూర్చొని అడిగింది. "గండ్ల ఏం రాసినవే పిల్లా, జర చదువు."

నీరజ చదివింది. "అత్యుత్తమ నాణ్యత. ఆకర్షణీయమైన డిజైన్లు. మీ సంతృప్తే మా లక్ష్యం."

"గిది ఎవ్వలతోటి మాట్లాడుతున్నట్టు?"

"అందరితోటి, నానమ్మా."

"అందరితోటి అంటే ఎవ్వలతోటి కాదు. ఇంటికచ్చినోళ్లకు కూసోమని సుత చెప్తలేవు, ఇగ ఎందుకుంటరు?"

నీరజ నవ్వి ఫోన్ తల్లి చేతిలో పెట్టింది. "నాకు సైట్ పెట్టుడు వస్తది గని, బొంత సంగతి నాకేం తెల్వది. నువ్వు చెప్పు మమ్మీ, నేను టైప్ చేస్త."

వినోద పదో తరగతి దాకా చదువుకుంది. రాయడమంటే ఆమెకు భయం. అందుకని రాస్తున్నానని అనుకోకుండా, గడపలో నిలబడ్డ మనిషికి చెప్పినట్టు చెప్పింది. ఈ బొంత లోపల పాత నూలు చీర ఉంది, అందుకే ఎండాకాలం కూడా కప్పుకోవచ్చు. ఇది పసిపిల్లలకు, కుట్లు లోపలికే ఉంటాయి, ఒంటికి గీసుకోవు. ఇది ఉతికితే మొదటిసారి రంగు పోతుంది, వేరేగా నానబెట్టండి. తెలుగులో అలా చెప్పినదాన్ని నీరజ హిందీలోకి, గుజరాతీలోకి కూడా మార్చింది. చెప్పులు కాస్త ఎక్కువసేపు ఉండడం మొదలైంది. ఒకటీ అరా బొంత అమ్ముడైంది. సంపత్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు.

"ఈ నెల చూద్దాం. కాకుంటే బంద్ పెడ్దాం. ఊకె కష్టపడుడు ఎందుకు?" అన్నాడు. వినోద కూడా సరేనంది.

ఆ వారంలోనే మెరూన్ రంగు చెప్పులు వచ్చాయి. ఆడవాళ్లవి. మధ్యాహ్నం అన్నాలయ్యాక వచ్చేవి, సాయంత్రం నల్లా నీళ్లు వచ్చే వేళ దాకా ఉండేవి. కుడి చెప్పు పట్టీ తెగి ఉంది. అడుగులకు కొంచెం కూడా మట్టి లేదు. రోజూ వచ్చేవి, ఒక్క బొంత కూడా కొనేవి కావు.

"ఈమె తెలుగు పేజీయే చూస్తది, మొదటి నుంచి చివరి దాక" అంది నీరజ కంప్యూటర్‌లో చూసి.

వినోద మనసు ఆ చెప్పుల మీదే ఉండిపోయింది. బంద్ పెట్టే మాట మళ్లీ ఎత్తలేదు. మధ్యాహ్నం వాటి పక్కనే కూర్చొని కుట్టేది. కుడుతూ తోచింది ఆ చెప్పులతో చెప్పేది, సాయంత్రం అదే నీరజతో పేజీలో పెట్టించేది. కుట్టు వంకర పోతే ఎలా విప్పాలో చెప్పింది. తన పెళ్లి చీర కొంగు ఏ బొంతలో పోయిందో చెప్పింది. కొత్తగా సూరత్ వచ్చినప్పుడు మగ్గాల చప్పుడుకు నిద్రపట్టక ఏడ్చిన సంగతి, అత్త తన బొంతలో సగం కప్పిన సంగతి చెప్పింది. చదివే మనిషి ఒక్కతే అనుకొని చెప్పిన ఆ మాటల దగ్గర మిగతా వాళ్లూ ఆగారు. వాకిట్లో చెప్పులు హంసాబెన్ మెట్ల దాకా పరుచుకున్నాయి. ఆర్డర్లు రాసాగాయి. సంపత్ సెలవు రోజుల్లో మూటలు కట్టడానికి కూర్చున్నాడు.

వాన పడిన ఒక మధ్యాహ్నం కొమురవ్వ చెప్పులన్నీ లోపలికి తెచ్చింది. మెరూన్ జతను చీర చెంగుతో తుడుస్తూ తెగిన పట్టీ చూసింది.

"చెప్పు తెగితే మనిషి ఎట్ల నడుస్తది?" అని గొణుక్కుంటూ లావు సూదిలో దారం ఎక్కించింది. బొంత అంచుకు వేసే కుట్టే వేసింది. ముడి వేసి దారం తెంపిందో లేదో చెప్పులు మాయమయ్యాయి.

మర్నాడు అవి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వాకిలి నిండా చెప్పులున్నా వినోద కళ్లు మెరూన్ జత కోసమే వెతికేవి. రాసినదంతా మళ్లీ మళ్లీ చదువుకుంది, ఎక్కడ మాట జారిందోనని.

"కుట్టినందుకు ఏమన్న అనుకున్నదో ఏమో" అన్నాడు సంపత్.

"మంచిదాయె గని, అనుకునేదేమున్నది" అంది కొమురవ్వ. కానీ ఆమె కూడా ఆ పొద్దు సరిగా తినలేదు.

కొన్నాళ్లకు వినోద ఫోన్‌కు కొత్త నంబర్ నుంచి కాల్ వచ్చింది. వెనకాల హారన్లు మోగుతున్నాయి.

"వినోదక్కనా? నేను మంగను. బొంబాయి దగ్గర భీవండి నుంచి. మీ పేజీ రోజు చదువుతుంటి."

"మెరూన్ చెప్పులు నీయేనా?"

"నాయే అక్కా. నిరుడు టెంపో గుద్దింది. కాలు అతికింది, నడవమనే డాక్టర్ చెప్పిండు. నాకే భయం. సంవత్సరం నుంచి గడప దాటలే. చెప్పులు మంచం కిందనే ఉండె. ఎవరన్న వస్తే నా కాలు గురించే అడుగుదురు. మీ పేజీల నన్నెవ్వరు ఏం అడగలే. కూసోబెట్టుకొని ముచ్చట చెప్పినట్టుండె."

వినోద ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. కొమురవ్వ దగ్గరికి జరిగింది.

"ఒకనాడు మా ఆయన మంచం కింద ఊడుస్తుంటే చెప్పులు తడిగున్నయి. మా దిక్కు వాన లేదు. పట్టీ చూస్తే కుట్టి ఉన్నది. ఫొటోల చూసిన కుట్టే, బొంత అంచుది. గది చూసి నాకు ఏడుపాగలే. నేను యాడికి పోకున్నా నా చెప్పులను ఎవరో చూసుకున్నరు. తొడుక్కొని లేచి నిలబడ్డ. గోడ పట్టుకొని వాకిట్లకు పోయిన. అప్పటిసంది మధ్యాహ్నం పూట నడుస్తనే ఉన్న. చెప్పులు కాళ్లకున్నయి, అందుకే మీ ఇంటికి వస్తలేవు."

వినోద గడప ముందున్న చెప్పుల వైపు చూసింది.

"మీ దగ్గర ఒక్కటి సుత కొనకపోతి అక్కా. గదే మనసుల పీకుతుంది. మీకు ఎట్ల రుణం తీర్చుకోవాల్నో తెలుస్తలేదు."

"నువ్వు రాకుంటే ఇది బంద్ పెట్టేవాళ్లం మంగా" అంది వినోద. "నువ్వు వింటున్నవనే చెప్పిన. మా ఇల్లు నిలబడ్డది నీతోటి."

కొమురవ్వ ఫోన్‌కు నోరు ఆనించి, "బిడ్డా, పట్టీ గట్టిగున్నదా? వదులైతే చెప్పు" అంది.

"గట్టిగున్నది అవ్వా." అటు నుంచి నవ్వు వినిపించింది, తర్వాత పెద్దగా ఒక లారీ హారన్. "అక్కా, నేను రోడ్డు కాడ ఉన్న. టెంపో గుద్దిన రోడ్డే. సిగ్నల్ పడ్డది. ఫోన్ పెట్టెయ్యకుండ్రి, జర ఉండుండ్రి."

వినోద సూది పక్కన పెట్టింది. అత్తాకోడళ్లు ఫోన్ మీదికి వంగి కూర్చున్నారు. హారన్లు, ఎవరిదో కేక, ఇంకెవరో మరాఠీలో ఏదో అనడం, మంగ ఊపిరి బరువుగా వినిపించాయి. కొమురవ్వ వినోద చెయ్యి పట్టుకుంది.

"దాటిన" అంది మంగ.