ఎర్రగుట్ట నాలా, నా మెడ

నేను ఒక మైకును. ఎటు కావాలంటే అటు వంగే పొడవాటి మెడ, తలకు నల్లటి స్పాంజి టోపీ, మాట్లాడేటప్పుడు వెలిగే ఎర్ర దీపం. ఒక చిన్న కార్ఖానాలో ఇద్దరు అక్కచెల్లెళ్లు నా తీగలు అతికి, "హలో హలో" అని పకపకా నవ్వి పెట్టెలో పెట్టారు. మనుషులందరూ అలాగే నవ్వుతూ ఉంటారనుకున్నాను. తీసుకెళ్లి నగరపాలక సంస్థ కౌన్సిల్ హాలులో, అరవై ఒకటో వార్డు కార్పొరేటర్ బల్లకు బిగించారు.

నా మొదటి యజమాని దామోదరంగారు. ఐదేళ్లలో ఆయన నాతో అన్నది ఒకటే మాట: "సమర్థిస్తున్నాను." ఒకసారి మేయరుగారు టీ విరామం ప్రకటించినా ఉలిక్కిపడి లేచి అదే అన్నారు. తర్వాతాయన గొంతుకు నా అవసరమే లేదు. అరుపులు హాలుకు, తుంపర్లు నా టోపీకి.

ఆ తర్వాత లచ్చవ్వ వచ్చింది. ఎర్రగుట్ట బస్తీలో ఇరవై ఏళ్లు మిర్చి బజ్జీలు వేసి, ఇంటింటికీ తిరిగి గెలిచిన మనిషి. కూర్చోగానే కొంగుతో నా టోపీ తుడిచింది. నాకు చక్కిలిగింతలు పుట్టాయి.

ఎండాకాలం సమావేశంలో ఆమె వంతు వచ్చింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలే. ఆ తర్వాత పక్క గదిలోంచి ఆపరేటర్ రాజమల్లు మైకు ఆపేస్తాడు.

"మేయర్ సార్, మా పిల్లలు నీళ్ల పైపు మీదికెల్లి నాలా దాటి బడికి పోతున్నరు. పోయిన వానల్ల ఒక బిడ్డ జారితే జడ వట్టి గుంజినం. చిన్న వంతెన అడిగి ఏడాదాయె. వార్డు ఆఫీసు జోనల్ ఆఫీసుకు పంపె, ఆళ్లు ఈడికి పంపిరి. ఫైలు తిరుగుడే గని దిగుడు లేదు. అసలు ఆ నాలా ఎవలది?"

రోడ్ల ఇంజనీరు లేచాడు. "వంతెనలు మావే మేడమ్. నాలా మాత్రం డ్రైనేజీ వాళ్లది."

డ్రైనేజీ ఇంజనీరు లేచాడు. "లోపల పారే నీళ్లే మావి. గట్టు టౌన్ ప్లానింగ్ వాళ్లది."

టౌన్ ప్లానింగ్ అధికారి లేచాడు. "గట్టు మ్యాపులోనే మాది. దాని మీద ఏం కట్టాలన్నా రోడ్ల వాళ్లే."

ముగ్గురూ హాయిగా కూర్చున్నారు. నా దీపం ఆరిపోయింది.

లచ్చవ్వ నన్ను రెండుసార్లు తట్టి చూసింది. పక్క సీటులోని జహీరా బేగం ఎదుటి పార్టీ మనిషి. అయినా తన మైకు ఇటు తిప్పి, "దీంట్ల మాట్లాడు అక్కా" అంది. రెండు మాటలకే అదీ ఆగింది. లచ్చవ్వ మూడో బల్లకు వెళ్లింది, నాలుగో బల్లకు వెళ్లింది. ఆమె ఎటు వెళ్తే అటు పార్టీ తేడా లేకుండా అందరూ నవ్వుతూ మీట నొక్కేవాళ్లే! దీపాలు పెళ్లి పందిరిలోలా వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. రాజమల్లు కంగారులో ఏం నొక్కాడో ఏమో, హాలులోని మైకులన్నీ ఒక్కసారే మేలుకుని కీచుమన్నాయి. అందరూ చెవులు మూసుకున్నారు. జన్మలో అంత ఆనందంగా నేనెన్నడూ అరవలేదు!

గోల అణిగేసరికి లచ్చవ్వ నా దగ్గరికి తిరిగొచ్చి మెడ పట్టుకుంది.

"సరే సార్. నాలా ఎవ్వలది గాదంటున్నరు గద. ఇయ్యాల్టి సంది మా వార్డుదని తీర్మానం రాయుండ్రి. గట్టు మాది, నాలా మాది. ఆడ ఎవలేం జెయ్యాలన్నా మా బస్తీ ఆడోళ్లను అడిగి జెయ్యాలె."

ముగ్గురు అధికారులూ ఒకేసారి లేచారు.

"అదెలా కుదురుతుంది? నాలా మాది!"

"కాదు, మాది!"

"మ్యాపు చూడండి, మాది!"

మేయరుగారు కళ్లద్దాలు తీసి, నవ్వి నవ్వి కారిన నీళ్లు తుడుచుకున్నారు. "కార్యదర్శిగారూ, ముగ్గురి మాటా రాసుకోండి. నాలా ముగ్గురిదీ. ముగ్గురూ కలిసి బడులు తెరిచేలోగా వంతెన కట్టాలి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

హాలంతా చేతులే. లచ్చవ్వ రెండు చేతులూ ఎత్తింది. ఒక చేతిలో నేనున్న సంగతి మరిచిపోయింది. నా మెడ టప్పున విరిగింది.

రాజమల్లు నల్ల టేపు చుట్టి, హాలుకు పనికిరానని బయటి సభల పెట్టెలో పడేశాడు. అందుకే వంతెన ప్రారంభానికి నేనే వెళ్లాను. ముగ్గురు అధికారులూ అది తమ వంతెనేనని మురిసిపోతూ నాలో చెప్పుకున్నారు. చివరికి లచ్చవ్వను పిలిచారు. ఆమె నన్ను అందుకుంది. వంగి నన్ను వంతెన మీద, నేలకు ఆనించి పట్టుకుంది.

"ఉరుకుండ్రి బిడ్డా!"

పుస్తకాల సంచులతో పిల్లలంతా ఒక్క పరుగు తీశారు. ఆ చిన్న చిన్న అడుగుల చప్పుడు నాలోంచి లౌడ్ స్పీకర్లలోకి ఎక్కి, ఎర్రగుట్టలో ఇల్లిల్లూ మోగింది.