చిట్టి ఆయా కొన్న కారు

"దిగినవాళ్ళు దిగినట్టే తాడు పట్టుకోవాలి. ముడికొకరు. తోసుకున్నారంటే మళ్ళీ బస్సెక్కించి ఇంటికి పంపించేస్తా!"

ఆ బెదిరింపుకు ఏ పిల్లా బెదరదు. ఇంటికి పంపిస్తే అంతకంటే కావలసిందేముంది? అయినా తాడు మాత్రం బుద్ధిగా పట్టుకుంటారు. బస్సు రోడ్డుకు అటు పక్క ఆగుతుంది, బడి ఇటు పక్క. నడిరోడ్డు మీద చిట్టి చెయ్యి చాచి నిలబడిందంటే ఎంత పెద్ద లారీ అయినా ఆగవలసిందే. మనిషి చూస్తే పెద్ద తరగతి పిల్లల భుజాల దాకా వస్తుంది. పిల్లలు పెట్టిన పేరు చిట్టి ఆయా. ఇప్పుడు ఆఫీసువాళ్ళకూ ఆ పేరే నోటికొస్తోంది.

ఆఖరి పిల్ల గేటు దాటాక చిట్టి తాడును మోచేతికి చుట్టుకుంటూ బస్సెక్కింది. డ్రైవర్ బాబాయి స్టీరింగ్ తుడుస్తున్నాడు. రోజూ తుడిచేదే, ఈ రోజు కాస్త ఎక్కువసేపు తుడుస్తున్నాడు. ఆయనకు చూపు మందగించిందని, రేపటి నుంచి రానక్కర్లేదని యాజమాన్యం చెప్పేసింది.

"నా కళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయి. వాళ్ళకే నేను కనపడటం మానేశాను," అన్నాడు.

"లోపలికెళ్ళి నాలుగు మాటలు అడిగి రానా బాబాయ్?"

"ఆ నాలుగూ దాచుకో అమ్మాయ్. మధ్యాహ్నం కార్లవాడి దగ్గర పనికొస్తాయి."

కారు కొనాలన్న పట్టుదల ఆమెకు పోయిన వానాకాలంలో పుట్టింది. ఆమె చిన్న కూతురికి ఆయాసం. ఆ సాయంత్రం ఊపిరందక పాప డొక్కలు ఎగరేస్తుంటే, భుజాన వేసుకుని వానలో రోడ్డు మీద నిలబడింది. భర్త శీతల గిడ్డంగిలో డ్యూటీలో ఉన్నాడు. వచ్చిన ప్రతి కారుకూ చెయ్యి ఊపింది. బురద చిమ్మిపోయిన వాళ్ళే గాని ఆగినవాళ్ళు లేరు. చివరికి ఒక పాలవ్యాను ఆగింది. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే..." అంటూ డాక్టరు మధ్యలో ఆపేసిన మాటను ఆమె ఈనాటికీ మనసులో పూర్తి చెయ్యదు. ఇంకోసారి ఎవరికీ చెయ్యి ఊపకూడదని మాత్రం అక్కడే అనుకుంది. కారు కొనాలి, తనే నడపాలి.

నేర్పింది బాబాయే. రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో, బడి వెనక మైదానంలో, మూలపడ్డ పాత వ్యానులో. కూర్చుంటే ఆమెకు బయట ఏమీ కనిపించేది కాదు. ఆయన తన సీటు మీది నీలం మెత్త తీసి ఆమె కింద వేసేవాడు. మొదటి వారమే ఆటస్థలం స్తంభాన్ని గుద్దేసింది. చిట్టి ఎదురైతే దణ్ణం పెడుతున్నట్టు అది ఇప్పటికీ వంగే ఉంది. అయినా రెండో ప్రయత్నంలో లైసెన్సు చేతికొచ్చింది.

మధ్యాహ్నం కార్ల ఆవరణకు వెళ్ళేసరికి భర్త, అతని అన్నగారు ముందే వచ్చి ఉన్నారు. ఈ బావగారి చెయ్యి పడందే ఆ ఇంట్లో ఎవరూ ఏదీ కొనకూడదు. ఆయనకు కారు లేదు గాని, కార్ల మీద అభిప్రాయాలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. అప్పటికే ఒక పొడుగాటి నల్లకారు చుట్టూ తిరుగుతూ టైర్లను తన్ని చూస్తున్నారు.

"ఒక్క చేతి మీద నడిచిన బండి సార్," అన్నాడు కార్ల వ్యాపారి. "ఓ పెద్దాయనది. సెలవు రోజుల్లో తప్ప బయటికి తీసేవారు కాదు."

"మిగతా రోజుల్లో ఎందుకు తీసేవారు కాదండీ?" అంది చిట్టి.

"పెద్ద బండి కదా మేడమ్, సందుల్లో తిరగాలంటే..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆమె తలుపు తీసి ముందు వాసన చూసింది. సెంటు గుప్పుమంది. సెంటు కింద, కాళ్ళ దగ్గర పరిచిన తడి పట్టా ముక్కవాసన. ఎక్కి కూర్చుంటే కాలివేళ్ళు మాత్రమే పెడళ్ళకు తగిలాయి. ముందు అద్దంలో ఆకాశం బ్రహ్మాండంగా కనిపించింది, నేల మాత్రం కనిపించలేదు.

బావగారు పకపకా నవ్వారు. "నువ్వెందుకమ్మా అక్కడ? తమ్ముడు నడుపుతాడు. నువ్వు పక్కన దర్జాగా కూర్చో."

"ఆయన డ్యూటీలో ఉంటే ఎవరి పక్కన కూర్చోమంటారు బావగారూ?"

ఆయన దగ్గర దానికీ ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది గాని, చిట్టి వినిపించుకోలేదు. కిందికి దిగి సంచిలోంచి పిల్లల తాడు తీసింది. తమ సందు మలుపులో ఎంత పొడుగు బండి తిరుగుతుందో నిన్ననే కొలిచి, తాడుకు ఆ కొలత దగ్గర ఎర్రగుడ్డ కట్టుకుంది. ఒక కొస భర్త చేతికిచ్చి కారు వెంట నడిచింది. ఎర్రగుడ్డ వెనక తలుపు దగ్గరే ఆగిపోయింది. కారు ఇంకా బోలెడంత మిగిలింది.

"కారును తాడుతో కొలిచేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా," అన్నారు బావగారు.

"చెప్పులైనా కాలు పెట్టి చూసుకునే కదండీ కొంటాం."

ఆవరణలో మూలగా, రేకుల నీడన ఒక బుల్లికారు ఉంది. ఒకప్పుడు ఎరుపు. వెనక తలుపుకు సొట్ట. వ్యాపారి దాన్ని చూపించాలని కూడా అనుకోలేదు. చిట్టి తాడు పట్టింది. ఎర్రగుడ్డ లోపలే కారు అయిపోయింది. పట్టాలు ఎత్తి చూసింది, పొడిగా ఉన్నాయి. వాసన లేదు. ఎక్కి కూర్చుంటే పాదాలు పెడళ్ళకు ఆనాయి. అద్దంలోంచి నేల కూడా కనిపించింది, కాస్త మెడ సాగదీస్తే.

"ఇది కారా, కారుకు పుట్టిన పిల్లా?" బావగారి గొంతు లేచింది. "నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"ఆ రోజు వానలో నలుగురూ చూశారు బావగారూ. చూసుకుంటూనే పోయారు."

వ్యాపారి మాట మార్చడానికి తాళం చెవి భర్త ముందుకు చాచాడు. "సార్, మీరొకసారి నడిపి చూడండి."

భర్త వచ్చిందగ్గర్నుంచీ పెదవి విప్పలేదు. నెమ్మదస్తుడు. "నడిపేది తను," అన్నాడు. "తాళం తనకివ్వండి."

ఆ ఒక్క మాటకు చిట్టికి గుండె నిండిపోయింది. నిండిన గుండెతోనే బండి తీసి, గేటు దగ్గర ఠక్కున ఇంజను ఆపేసుకుంది. కార్లు కడిగేవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనిమ్మని మళ్ళీ స్టార్ట్ చేసి, రెండు వీధులు తిప్పి, వెనక సీట్లో బావగారు ఊపిరి బిగబట్టి కూర్చోగా, రెండు కార్ల మధ్య సందులోకి వెనక్కి తెచ్చి పెట్టింది.

ధర వాళ్ళనుకున్నదానికి కాస్త పైన ఉంది. "ఆ సొట్ట మీరే ఉంచుకోండి, దాని డబ్బులు తగ్గించండి," అంది. వ్యాపారి నవ్వి తగ్గించాడు. కాగితాలు మాత్రం బావగారే అక్షరం వదలకుండా చదివి, ఒక సంతకం తక్కువైందని పట్టుకుని పెట్టించారు. ఎవరి గొప్ప వాళ్ళకుంటుందని చిట్టి ఆయనకు మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పింది.

భర్త అటునుంచి అటే డ్యూటీకి పోయాడు. చిట్టి కారును బడి ఆవరణలో గోడ పక్కన పెట్టి సాయంత్రం ట్రిప్పుకు పరిగెత్తింది. అదే దారి, అవే మలుపులు. ఆఖరి పిల్లను దించి బస్సును బడి షెడ్డుకు తెచ్చాక బాబాయి తాళాలు కాపలావాడి చేతికిచ్చాడు. ఆఫీసులోంచి ఒక్కరూ బయటికి రాలేదు. ఒక చేతిలో సంచి, చంకలో మెత్త. అవే ఆయన సామాను. అటునుంచి అటే ప్రయాణం, కూతురుండే ఊరికి.

చిట్టి కారు వెనక తలుపు తీసి పట్టుకుంది. "ఎక్కు బాబాయ్."

"నడుస్తాలేవే. ఎంత దూరం?"

"నాకు నేర్పింది ఎందుకనుకున్నావ్? ఎక్కు!"

ఎక్కాడు. ఇన్నేళ్ళూ ఊరి పిల్లలందర్నీ వెనక కూర్చోబెట్టి తిప్పిన మనిషి, వెనక సీట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెత్తను ఒళ్ళో పెట్టుకున్నాడు. చిట్టి కారును నేరుగా గేటు వైపు పోనివ్వకుండా ఆఫీసు గది ముందు నుంచి తిప్పింది. అక్కడ హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒళ్ళు మండి కొట్టిన హారన్ అది, ఆమె దాచుకోలేదు.

"చాల్లేవే," అన్నాడు బాబాయి. కాని ఆపమనలేదు.

కొంత దూరం పోయాక, "కొంగలా ఆ మెడేంటి?" అన్నాడు.

"రోడ్డు కనపడాలి కదా బాబాయ్."

ఆయన ఒళ్ళో ఉన్న మెత్తను ఒకసారి సర్దాడు.

బస్టాండు దగ్గర దిగి, సంచి భుజాన వేసుకుని, ముందు కిటికీలోకి వంగాడు. "గేరు మార్చేటప్పుడు కిందికి చూడకు." అంతే. జనంలో కలిసి, కదలబోతున్న బస్సెక్కేశాడు. వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చిట్టి చూస్తూనే ఉంది. కళ్ళు తుడుచుకుంది.

సొట్ట తలుపు సరిగ్గా పడిందో లేదో చూద్దామని దిగింది. వెనక సీటు మీద మెత్త ఉంది. దాన్ని పట్టుకుని రెండడుగులు పరిగెత్తబోయి ఆగింది. ఆయన మరిచిపోయే మనిషి కాదు. తెచ్చి తను నడిపే సీటు మీద వేసింది, దులపలేదు. వెలిసిన నీలం గుడ్డ, లోపల ఉండలు కట్టిన దూది, మధ్యలో ఆయన కూర్చున్నంత మేర గుంట.